పరాయి ఊళ్లో చదరంగం

విదేశంలో చదరంగం ఆడాలనుకునేవారికి ఆట దొరికే చోట్లు నాలుగు: క్లబ్బు, టోర్నమెంటు, పార్కు, ఫోను. మొదటి మూడింటికీ ఇల్లు కదలాలి, నాలుగోదానికి అక్కర్లేదు. కొత్తగా వెళ్లినవారిలో చాలామంది ఆ నాలుగోదాని దగ్గరే ఆగిపోతారు. రాత్రి పదకొండింటికి మంచం మీద వాలి, మూడు నిమిషాల ఆటలు పది ఆడి, ఓడించినవాడి పేరైనా తెలియకుండా నిద్రపోతారు. ఆట సాగుతూనే ఉంటుంది కాబట్టి లోటు తెలియదు. నాలుగైదేళ్లు గడిచినా ఆఫీసువాళ్లు, తోటి తెలుగువాళ్లు తప్ప ఆ ఊళ్లో మూడో మనిషి పరిచయం లేకపోవడానికి ఇలాంటి అలవాట్లూ ఒక కారణమే. చదరంగం వచ్చినవారికి ఈ లోటు తీరే దారి దగ్గర్లోనే ఉంది. బల్లకు అవతల కూర్చున్న మనిషితో ఆడాలి, వీలైతే వారం వారం ఆడాలి, ఆట ముగియగానే లేచి వెళ్లిపోకూడదు. తక్కిన వివరాలు దేశాన్ని బట్టి మారతాయి.

క్లబ్బులో చేరడం

జర్మనీతో మొదలుపెట్టడం సబబు. తెలుగు విద్యార్థులు ఎక్కువగా వెళుతున్న దేశాల్లో ఇప్పుడు అదీ ఒకటి, క్లబ్బు చదరంగం ఊరూరా వేళ్లూనుకున్న దేశమూ అదే. అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1924లో పారిస్‌లో పుడితే, జర్మన్ సమాఖ్య 1877లోనే లైప్‌జిగ్‌లో ఏర్పడింది. ష్ట్రోబెక్ అనే పల్లెలో 1823లోనే చదరంగాన్ని బడి పాఠంగా పెట్టారు.

అక్కడ క్లబ్బంటే భవనం కాదు, రిజిస్టరైన సంఘం. వారానికొక సాయంత్రం, తరచుగా శుక్రవారం, ఏ కమ్యూనిటీ హాల్లోనో బడి గదిలోనో రెస్టారెంటు వెనక గదిలోనో సభ్యులు కలుస్తారు. దీన్ని ‘ష్పీలాబెంట్’ అంటారు. వేళ, చిరునామా క్లబ్బు వెబ్‌సైటులో ఉంటాయి. రెండు వాక్యాల ఈ-మెయిల్ రాసి వెళ్తే మంచిది, రాయకుండా వెళ్లినా ఎవరూ తలుపు వేయరు. మొదటి రెండు మూడు వారాలు ఊరికే వచ్చి ఆడుకోనిచ్చి, ఆ తర్వాత ఏడాది చందా సంగతి ఎత్తడం మామూలు. విద్యార్థులకు చందాలో తగ్గింపు ఉంటుంది. బోర్డు, పావులు, గడియారం అన్నీ క్లబ్బువే.

శుక్రవారం ఆటల కన్నా ఆదివారం జట్టు మ్యాచ్‌లే అసలు విషయం. పైన బుండెస్‌లీగాలో గ్రాండ్‌మాస్టర్లు ఆడతారు. దాని కింద మెట్లు మెట్లుగా జిల్లా స్థాయి దాకా లీగులున్నాయి. చాలా లీగుల్లో జట్టుకు ఎనిమిది మంది. శరదృతువులో మొదలైన సీజన్ వసంతంలో ముగుస్తుంది. ఎనిమిదో బోర్డు దగ్గర కూర్చోవడానికి మనిషి లేకపోతే ఆ పాయింటు ఆడకుండానే పోతుంది. అందుకని చిన్న ఊరి కెప్టెన్‌కు ఎనిమిదో మనిషి ఎంత బలహీనుడైనా కావాలి. పరాయి దేశంలో కొత్తగా దిగినవాడు ఎవరికైనా అవసరపడే సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి, దీన్ని చేజార్చుకోకూడదు. ఆటకు పక్క ఊరు వెళ్లాలంటే నలుగురూ ఒక కారులో సర్దుకుంటారు. ఏ1, ఏ2 తరగతుల్లో వినిపించని జర్మన్ ఆ కారులో వినిపిస్తుంది: రైళ్ల ఆలస్యం మీద సణుగుడు, మామగారి మీద జోకులు, కిందటి మ్యాచ్‌లో చేజారిన గెలుపు మీద గంట సేపు వాదన. మాట పూర్తిగా అర్థం కాకపోయినా చివరి అంశం మీద నోరు విప్పవచ్చు.

రేటింగు అడిగినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఫిడే ఐడీ ఉన్నవారు నంబరు ఇస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు. జర్మనీలో డీడబ్ల్యూజెడ్ అనే సొంత రేటింగు నడుస్తుంది కాబట్టి కొన్ని ఆటలయ్యాక ఆ అంకె కూడా వస్తుంది. ఏ రేటింగూ లేనివారు ఆన్‌లైన్ అంకె చెప్పినా తప్పు కాదు. అయితే లిచెస్ లాంటి సైట్లలో అంకె సాధారణంగా ఫిడే రేటింగు కన్నా రెండు మూడు వందలు ఎక్కువగా ఉంటుందని అవతలివారికి తెలుసు. ఇండియాలో పాత రేటింగు ఉన్నవారికి ఇంకో సంగతి: 2024 మార్చిలో ఫిడే కనీస రేటింగును 1000 నుంచి 1400కు పెంచి, 2000కు దిగువన ఉన్నవారి అంకెలను ఒక లెక్క ప్రకారం పైకి జరిపింది. అంతకు ముందు గుర్తున్న అంకె ఇప్పుడు చెల్లదు.

ఇంగ్లండ్‌లో లీగు ఆట వారం మధ్యలోనే. సోమ, మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒక సాయంత్రం ఏడు, ఏడున్నరకు మొదలై పదిన్నర ప్రాంతంలో ముగుస్తుంది. ఇంటికి చేర్చే ఆఖరి రైలు ఎప్పుడో ముందే చూసుకోవాలి. లేకపోతే గెలిచే ఎండ్‌గేమ్‌ను రైలు కోసం డ్రాకు ఇవ్వాల్సి వస్తుంది. ఆడే చోటు చాలాసార్లు పబ్బు పై గదో వెనక గదో. మద్యం ముట్టనివారు మొహమాటపడనక్కర్లేదు, ఒక కోలా గ్లాసుతో సాయంత్రమంతా కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. కాకపోతే ఒకరు అందరికీ కొని తెచ్చినప్పుడు తర్వాతి వంతు వేరొకరిది. దాన్ని ఎగ్గొట్టినవాణ్ణి బాగా గుర్తుపెట్టుకుంటారు. రేటింగు లెక్కలోకి రావాలంటే ఇంగ్లిష్ చెస్ ఫెడరేషన్ సభ్యత్వం తీసుకోవాలి. పాత ఆటగాళ్లు తమ బలం నూట యాభై అని చెబితే కంగారుపడనక్కర్లేదు. 2020 దాకా అక్కడి గ్రేడులు మూడంకెలవే.

అమెరికాలో జట్టు లీగులు తక్కువ, వారాంతపు స్విస్ టోర్నీలదే (ప్రతి రౌండులో పాయింట్లు సమానంగా ఉన్నవారిని జోడీ చేసే పద్ధతి) రాజ్యం. 1939లో ఏర్పడిన యూఎస్ చెస్ సమాఖ్యలో సభ్యత్వం తీసుకుంటే దేశంలో ఎక్కడైనా రేటెడ్ టోర్నీ ఆడవచ్చు. ఇండియా నుంచీ యూరప్ నుంచీ వచ్చినవారిని తికమకపెట్టేది ఒకటుంది. బోర్డు, పావులు, గడియారం ఆటగాళ్లే వెంట తెచ్చుకోవాలి. ఇద్దరూ తెస్తే ఎవరివి వాడాలో నల్లపావుల ఆటగాడు నిర్ణయిస్తాడు. చేతులూపుకుంటూ వెళితే అవతలివాడి గడియారం మీద ఆధారపడాలి. పెద్ద నగరాల్లో నిలకడగా నడిచే క్లబ్బులున్నాయి: శాన్‌ఫ్రాన్సిస్కోలో 1854 నాటి మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్, న్యూయార్క్‌లో 1915 నాటి మార్షల్ క్లబ్బు, 2008లో తెరిచిన సెయింట్ లూయిస్ క్లబ్బు. శివార్లలో ఇల్లు తీసుకున్నవారికి మాత్రం అన్నిటికన్నా పనికొచ్చేది స్థానిక పబ్లిక్ లైబ్రరీ. చాలా లైబ్రరీలు వారానికో నెలకో ఒకసారి ఉచితంగా చదరంగం నడుపుతాయి.

గల్ఫ్ తీరు వేరు. దుబాయ్, షార్జా, అబూధాబీల్లో ప్రభుత్వ ఆదరణ ఉన్న పెద్ద క్లబ్బులున్నాయి. దుబాయ్ ఓపెన్ లాంటి టోర్నీలకు భారతీయ ఆటగాళ్లు ఏటా వెళుతుంటారు. నగరంలో ఉద్యోగం చేసే కుటుంబానికి ఇవి అందుబాటులోనే ఉంటాయి. కరీంనగర్, నిజామాబాద్ నుంచి వెళ్లి లేబర్ క్యాంపులో ఉండే కార్మికుడికి సెలవు ఒక్కరోజు, ప్రయాణం దూరం. అతనికి పది మంది ఉండే గదిలో ఒక చవక ప్లాస్టిక్ సెట్టే క్లబ్బు. పక్క మంచం నేపాలీదో ఫిలిప్పీన్స్‌దో అయినా ఆట కుదురుతుంది. పందెం మాత్రం పెట్టకూడదు. అక్కడ ఇలాంటి జూదం నేరం, పది దిర్హాములైనా సరే.

ఆట అయ్యాక

బల్ల దగ్గర గడిపిన మూడు గంటలూ మౌనమే. పరిచయం మొదలయ్యేది ఆ తర్వాత. షేక్‌హ్యాండ్ ఇచ్చుకుని, స్కోరుషీటు మీద సంతకాలయ్యాక, ఇద్దరూ పక్క గదిలోకి వెళ్లి ఆటను మొదటి నుంచి పేర్చుకుని చూడటం యూరప్ క్లబ్బుల్లో పాత ఆచారం. ఓడినవాడు వద్దంటే బలవంతం చేయరు. ఒప్పుకుంటే మాత్రం అర్ధగంట నుంచి గంట దాకా సాగుతుంది. దీనికి పట్టే భాష చాలా తక్కువ. ‘ఇక్కడ’, ‘ఇది’, ‘ఇది కాదు’, ‘దీని తర్వాత?’ అనే నాలుగు మాటలు, వేలితో చూపించడం, పావును వెనక్కి పెట్టడం సరిపోతాయి. చూస్తుండగానే మూడోవాడు వచ్చి నిలబడి, అడగకుండానే ఒక ఎత్తు చూపిస్తాడు. అరగంటకి బల్ల చుట్టూ నలుగురవుతారు.

ఇండియాలో పెద్ద ఓపెన్ టోర్నీల్లో పెరిగినవారికి ఈ అలవాటు తక్కువ. ఒక్క హాలులో వందల బోర్డులు, రోజుకు రెండు రౌండ్లు, గదికి పరుగు, ఫోనులో ఇంజిన్ ఏమందో చూసుకోవడం. ఇదే తీరు క్లబ్బుకు మోసుకెళ్లి, ఆట అవగానే బ్యాగు సర్దుకుని బయలుదేరేవారు ఎన్ని ఆటలు గెలిచినా క్లబ్బులో అతిథుల్లాగే మిగిలిపోతారు. ఇంజిన్ ఇంటికి వెళ్లాక చూసుకోవచ్చు. ఎదుటివాడి ముందే ఫోను తీసి ‘ఇక్కడ నాకు ప్లస్ మూడు’ అని చూపించడం మోటుతనం. ఓడిన ఆటలో మొదటి నుంచీ తనదే పైచేయి అని వాదించడం అంతకన్నా మోటు, అది ఏ దేశంలోనైనా.

పేర్లు గుర్తుపెట్టుకోవడం కూడా ఇందులో భాగమే. అవతలివారికి తెలుగు పేర్లు కష్టం. ఇంటిపేరు ముందు, పేరు వెనక రావడంతో జోడీల పట్టికలో తప్పులు పడతాయి. మొదటి రోజే ఏ మాటతో పిలవాలో చెప్పేయడం, ఫిడే ఐడీలో, పాస్‌పోర్టులో, క్లబ్బు రిజిస్టరులో ఒకే వరుసలో పేరు ఉండేట్టు చూసుకోవడం తర్వాతి చిక్కులు తప్పిస్తుంది.

బల్ల దగ్గర నియమాలు

ఆట నియమాలు ప్రపంచమంతా దాదాపు ఒకటే. ఇంట్లో, వీధి అరుగు మీద నేర్చుకున్న అలవాట్లే తేడా తెస్తాయి. పాత దేశవాళీ పద్ధతుల్లో బంటుకు మొదటి ఎత్తులో రెండు గళ్లు లేవు, రాజుకు ఒక్కసారి గుర్రంలా దూకే హక్కు ఉండేది, కోట కట్టే తీరు వేరు. ఆ పద్ధతిలో పెరిగి అంతర్జాతీయ నియమాల్లోకి మారినవారిలో అందరికన్నా పెద్ద పేరు పంజాబ్‌కు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్‌ది. సర్ ఉమర్ హయాత్ ఖాన్ పరివారంలో 1929లో లండన్ చేరిన ఆయన అదే ఏడాది బ్రిటిష్ ఛాంపియన్ అయ్యారు, 1932లో, 1933లో మళ్లీ గెలిచారు. 1930-31 హేస్టింగ్స్ టోర్నీలో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాపబ్లాంకాను ఓడించారు. ఓపెనింగుల పుస్తక జ్ఞానం ఆయన బలహీనత, మిడిల్‌గేమ్, ఎండ్‌గేమ్ ఆయన బలం. ఇంగ్లండ్ చలి, జ్వరాలు కూడా ఆయన్ను బాగా బాధపెట్టాయి. 1933 చివర్లో ఇంటికి తిరిగి వెళ్లిపోయిన ఆయనకు ఫిడే గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు 2024లో ఇచ్చింది. ఆయన 1966లోనే కన్నుమూశారు.

సుల్తాన్ ఖాన్‌కు ఎదురైనంత పెద్ద మార్పు ఇప్పటివారికి ఉండదు. చిన్న చిన్నవి మాత్రం పాయింట్లు తినేస్తాయి. ముట్టుకున్న పావు ఆడాల్సిందే. ఇది స్నేహపు ఆటల్లో సడలినా లీగులో సడలదు. పక్కకు ఒరిగిన పావును సరిచేయాలంటే ముందు ‘జాదూబ్’ అనాలి. ఆ ఫ్రెంచి మాట ప్రపంచంలో ఎక్కడైనా చెల్లుతుంది. కోట కట్టేటప్పుడు ముందు రాజునే, ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. ఫిడే నియమాల ప్రకారం ఏనుగును ముందు ముట్టుకుంటే ఆ పక్క కోట కట్టే హక్కు ఆ ఎత్తుకు పోయినట్టే. ఎత్తు వేసి, డ్రా అడిగి, అప్పుడు గడియారం నొక్కాలి. డ్రాను జర్మన్‌లో రెమీ, ఫ్రెంచిలో నూల్, స్పానిష్‌లో తాబ్లాస్, రష్యన్‌లో నిచ్యా అంటారు. ఈ నాలుగూ వస్తే చాలా బోర్డుల దగ్గర గండం గడుస్తుంది. షా అనో చెక్ అనో పైకి చెప్పనక్కర్లేదు. అనుభవమున్న ఆటగాడికి అలా చెప్పడం కొంచెం అవమానంగా కూడా తోస్తుంది.

ఎత్తులు రాసుకునే అక్షరాల్లో ఒక తిరకాసు ఉంది. ఇంగ్లిష్ షీటులో ‘ఆర్’ అంటే ఏనుగు, ఫ్రెంచి, స్పానిష్ షీటుల్లో అదే అక్షరం రాజు. జర్మన్‌లో మంత్రికి ‘డి’, గుర్రానికి ‘ఎస్’, శకటుకు ‘ఎల్’. ఎవరికి అలవాటైన అక్షరాలతో వారు రాసుకోవచ్చని నియమాలే చెబుతున్నాయి కాబట్టి రాయడంలో ఇబ్బంది లేదు. ఆట తర్వాత ఎదుటివారి షీటు చూసి పావులు పేర్చేటప్పుడే తడబాటు.

ఫోను విషయంలో ఎవరూ దయ చూపరు. ఆటగాడి జేబులో ఫోను, చేతికి స్మార్ట్‌వాచీ ఉండకూడదు. ఆఫ్ చేసి బ్యాగులో పెట్టవచ్చా, బయట అప్పగించాలా అన్నది ముందే ఆర్బిటర్‌ను అడగాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఆన్-కాల్ డ్యూటీ ఉన్న వారంలో లీగు ఆట ఒప్పుకోకపోవడమే మేలు. కెప్టెన్‌కు నాలుగు రోజుల ముందు చెబితే అతను ఇంకొకరిని వెతుక్కుంటాడు.

ఒకే టోర్నీలో ఇద్దరు తెలుగువాళ్లు కలిస్తే మరో జాగ్రత్త. ఆట నడుస్తుండగా నీళ్ల సీసా దగ్గర నిలబడి తెలుగులో రెండు ముక్కలు మాట్లాడుకోవడం మనకు మామూలు. మాటలు మధ్యాహ్న భోజనం గురించే కావచ్చు. ఆర్బిటర్‌కు ఆ సంగతి తెలిసే వీలు లేదు, ఎదుటి ఆటగాడికి అసలే లేదు. రౌండు ముగిసేదాకా ఒకరికొకరు తల ఊపుకుంటే చాలు.

అమెరికా నియమాలు ఫిడేకు కొద్దిగా భిన్నం. ఎదుటివాడి సమయం అయిపోయిందని ఆటగాడే చెప్పాలి, ఆర్బిటర్ చూసినా నోరెత్తడు. ఎత్తుకు 30 సెకన్లు కలిపే పద్ధతితో పాటు, ఐదు సెకన్లు గడిచాకే గడియారం కదిలే ‘డిలే’ పద్ధతి కూడా అక్కడ వాడుకలో ఉంది. డిలేలో వాడిన సమయం తిరిగి రాదు కాబట్టి చివరి నిమిషాల్లో లెక్క తప్పుతుంది.

ప్రయాణంలో ఆట

ప్రయాణపు సెట్టు రెండు రకాలు. అయస్కాంతపు చిన్న సెట్టు రైల్లో, విమానంలో పనికొస్తుంది, దాని మీద సీరియస్ ఆట కష్టం. చుట్టి పెట్టుకునే వినైల్ బోర్డు, దాదాపు 9.5 సెంటీమీటర్ల రాజు ఉన్న ప్లాస్టిక్ పావులు టోర్నీకి సరిపోతాయి, సూట్‌కేసులో చోటూ తక్కువే. లోపల బరువు పోసిన పావులున్న సంచిని స్కానింగ్ దగ్గర తెరిచి చూపించమంటారు. కాబట్టి అది హ్యాండ్‌బ్యాగులో పైకే ఉండాలి.

విమానం దిగిన మర్నాడే ఆడాలనుకునేవారు వేళల లెక్క చూసుకోవాలి. శరీరం కొత్త వేళకు రోజుకు సుమారు గంట చొప్పున సర్దుకుంటుంది. హైదరాబాద్ నుంచి వేసవిలో న్యూయార్క్ వెళ్లినవారికి ఉదయం పది గంటల రౌండు ఇంటి దగ్గర రాత్రి ఏడున్నర, ఫర్వాలేదు. రాత్రి ఏడు గంటల రౌండు ఇంటి దగ్గర తెల్లవారుజాము నాలుగున్నర. చేతిలోకొచ్చిన ఆటలు పోయేది అప్పుడే. అమెరికా, ఇంగ్లండ్ వారాంతపు టోర్నీల్లో ముందుగా అడిగితే ఒక రౌండు ఆడకుండా అర పాయింటు తీసుకునే సదుపాయం తరచుగా ఉంటుంది. దాన్ని సాయంత్రపు రౌండుకే వాడుకోవాలి. యూరప్ ప్రయాణంలో తేడా మూడున్నర, నాలుగున్నర గంటలే. రెండు రోజుల ముందు చేరితే సరిపోతుంది.

సెలవులను టోర్నీతో కలిపే వారికి నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ మంచి ఉదాహరణ. 1938లో పక్కనే ఉన్న బెవర్‌వైక్‌లో మొదలై 1968లో ఈ సముద్రతీర పల్లెకు మారిన జనవరి టోర్నీ ఇది. 2012లో దీని ‘బి’ గ్రూపును గుంటూరు ఆటగాడు పెంటేల హరికృష్ణ, 2022లో ఛాలెంజర్స్ గ్రూపును వరంగల్ ఆటగాడు ఎరిగైసి అర్జున్ గెలిచారు. మామూలు ఆటగాడికి ఆసక్తి కలిగించేది వేరే. ప్రపంచ స్థాయి గ్రాండ్‌మాస్టర్లు ఆడే హాల్లోనే వందలమంది అమెచ్యూర్లకూ బల్లలు వేస్తారు. సమాన బలం ఉన్న పదేసి మందిని ఒక గ్రూపు చేసి అందరితో అందరినీ ఆడిస్తారు, తీరిక లేనివారికి చిన్న వారాంతపు గ్రూపులున్నాయి. స్విస్ ఓపెన్‌లో మొదటి రౌండు బలవంతుడితో, రెండోది పసివాడితో పడే ఊగిసలాట ఇక్కడ ఉండదు, ప్రతి ఆటా గట్టిదే. ఆ ఊరి బఠానీ సూపు పేరున్నది. శాకాహారులు మాత్రం అడిగి తాగాలి, సంప్రదాయంగా అందులో పంది మాంసం వేస్తారు. చెక్ దేశంలో పార్దుబిత్సే, స్విట్జర్లాండ్‌లో బీల్, ఐస్‌లాండ్‌లో రెయ్‌క్యావిక్, ఇంగ్లండ్‌లో హేస్టింగ్స్ కూడా ఇలా సామాన్యులు ఏటా ఆడే ఉత్సవాలే.

రేటింగు పెంచుకోవడానికని యూరప్‌లో నెలల తరబడి టోర్నీ నుంచి టోర్నీకి తిరగడం వేరే వ్యవహారం. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే 2500 రేటింగు, కనీసం 27 ఆటల్లో వచ్చిన నార్ములు (టోర్నీల్లో నిర్ణీత స్థాయి ఫలితాలు) కావాలి. నార్ముకు విదేశీ ఆటగాళ్లతో ఆడిన ఆటలు లెక్కకొస్తాయి కాబట్టి ఆ తోవలో ఉన్నవారికి ఈ తిరుగుడు తప్పదు. 1700 దగ్గర ఉన్న పిల్లవాడికి అదే ఖర్చు పెట్టే తల్లిదండ్రులు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. అక్కడ దొరికే ఆటలు హైదరాబాద్‌లో, చెన్నైలో దొరికేవాటి కన్నా గొప్పవేమీ కావు.

పార్కుల ఆటకు సిద్ధపాటు అక్కర్లేదు. జెనీవాలో బాస్తియాఁ పార్కు, జ్యూరిక్‌లో లిండెన్‌హోఫ్, సిడ్నీలో హైడ్ పార్కుల్లో నేల మీద పెద్ద పావులతో ఆడతారు. పారిస్ లగ్జెంబర్గ్ తోటలో బల్లలున్నాయి. బుడాపెస్ట్ సెచెనీ స్నానశాలలో నడుం లోతు వేడినీళ్లలో నిలబడి ఆడతారు. స్నానశాల ప్రవేశం తప్ప ఇవన్నీ ఉచితం. న్యూయార్క్‌లో వాషింగ్టన్ స్క్వేర్, యూనియన్ స్క్వేర్‌లలో కూర్చునేవారికి అది జీవనోపాధి. అయిదు నిమిషాల గడియారం, ఆటకు కొన్ని డాలర్లు, మధ్యలో నోటి మాటలతో ఏమరుపాటు. కూర్చునే ముందే రుసుమెంతో, ఓడితే ఎంతో అడగాలి. గెలుస్తామన్న ఆశ పెట్టుకోకుండా టికెట్టు కొని చూసే ప్రదర్శనగా భావిస్తే డబ్బు దండగ అనిపించదు. తూర్పు దేశాల్లో పార్కు బల్ల మీద గీతలు చూసి తొందరపడకూడదు. సింగపూర్ అపార్టుమెంట్ల కింద పెద్దవాళ్లు ఆడేది తరచుగా చైనా చదరంగం, సియోల్‌లో జాంగి, థాయ్‌లాండ్‌లో మక్రుక్. చివరిదానిలో కొన్ని పావుల నడక పాత భారతీయ ఆటకు దగ్గరగా ఉంటుంది, తెలిసినవారు నేర్పితే ఒక సాయంత్రంలో పట్టుబడుతుంది.

పెద్దవాళ్లు, పిల్లలు

ఆరు నెలల విజిటర్ వీసా మీద పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు అమెరికా శివారు ఇల్లు త్వరగానే విసుగు తెప్పిస్తుంది. కారు లేనిదే కాలు కదపలేరు, పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. చదరంగం వచ్చిన తాతగారికి లైబ్రరీ ఆట రోజును, దగ్గర్లోని సీనియర్ సెంటర్ వేళలను ముందే కనుక్కుని పెట్టడం కొడుకులు, కూతుళ్లు చేయగల చిన్న సాయం. వారానికి రెండుసార్లు దించి రావడమే ఖర్చు. మనవరాలితో ఆడేటప్పుడు మాత్రం తగవు వస్తుంది. రెండు గళ్లు దూకి తన బంటు పక్కకు వచ్చిన బంటును ఆమె దాటుడు (ఆన్ పసాన్) పద్ధతిలో తీసేస్తుంది, తాతగారు అది అన్యాయమంటారు. ఆ నియమం ఆయన నేర్చుకున్న ఆటలో లేదు. మొదటి ఆటకు ముందే రెండు పద్ధతుల తేడాలు ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది. మధ్యమధ్యలో తాతగారి పద్ధతిలో కూడా ఒక ఆట ఆడటం న్యాయం.

బడిపిల్లల టోర్నీలు అమెరికాలో విరివిగా జరుగుతాయి, వాటిలో తెలుగు పిల్లలు చాలామంది. తల్లిదండ్రులు రోజంతా స్కూలు క్యాంటీనులో కూర్చుని తమలో తాము మాట్లాడుకుంటూ ప్రతి రౌండు తర్వాత రేటింగు ఎంత మారిందో లెక్కలేస్తుంటారు. అదే సమయంలో వారూ ఆడవచ్చు. జాతీయ స్థాయి పోటీల్లో తల్లిదండ్రులు, స్నేహితుల కోసం విడిగా ఒక చిన్న టోర్నీ కూడా పెడతారు. నాన్న ఒక ఆట ఓడిపోయి బయటకు రావడం చూసిన పిల్లలకు తమ ఓటమి మీద భయం తగ్గుతుంది.

ఫోనుకు అసలైన ఉపయోగం ఇంటితో ఆడటంలో ఉంది. విజయవాడలో తండ్రి, డాలస్‌లో కూతురు ఒకేసారి కూర్చోవడం కష్టం: తేడా వేసవిలో పదిన్నర గంటలు, శీతాకాలంలో పదకొండున్నర. ఎత్తుకు మూడు రోజుల గడువు పెట్టుకునే ఆటకు ఆ చిక్కు లేదు. ఉదయం కాఫీ తాగుతూ ఒకరు ఎత్తు వేస్తే ఇంకొకరు ఆఫీసు నుంచి వచ్చాక చూస్తారు. ఆట నెలన్నర నడుస్తుంది. పోస్టుకార్డుల మీద ఎత్తులు పంపుకున్న కాలపు ఆట ఇదే, కాకపోతే పోస్టుమ్యాన్ లేడు.

కాగితాలు

స్నేహపు ఆటకు ఏ కాగితమూ అక్కర్లేదు. డబ్బు చేతులు మారినప్పుడే వీసా గుర్తుకొస్తుంది. అమెరికాలో పన్ను లెక్కల ప్రకారం నివాసులు కాని విదేశీయుల బహుమతి డబ్బులో సాధారణంగా 30 శాతం పన్ను కింద పట్టుకుంటారు. నిర్వాహకులు ఫారాలు నింపమంటే విసుక్కోకూడదు. యూరప్‌లో షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు కాబట్టి వరుస టోర్నీలు ఆడేవారు రోజులు లెక్కపెట్టుకోవాలి. వీసా దరఖాస్తుకు నిర్వాహకుల ఆహ్వాన పత్రం పనికొస్తుంది, అడిగితే చాలా టోర్నీలు ఇస్తాయి. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది కోచింగ్. పని అనుమతి లేని డిపెండెంట్ వీసా మీద, క్యాంపస్ బయట పనికి అనుమతి లేని విద్యార్థి వీసా మీద చుట్టుపక్కల పిల్లలకు గంటకింత అని తీసుకుని చదరంగం నేర్పడం చట్టం దృష్టిలో ఉద్యోగమే. నగదుగా తీసుకున్నా అంతే. లైబ్రరీలో ఉచితంగా నేర్పడానికి మాత్రం అడ్డు ఉండదు.

దేశం మారినంత మాత్రాన ఫిడే జాబితాలో పేరు పక్కన జెండా మారదు, మార్చుకోనక్కర్లేదు కూడా. స్థానిక లీగులు, ఓపెన్ టోర్నీలు భారత్ జెండా మీదే ఆడవచ్చు. పెంటేల హరికృష్ణ ఏళ్లుగా ప్రాగ్‌లో ఉంటూనే 2024 బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో బంగారు పతకం గెలిచిన భారత జట్టులో ఆడారు. సమాఖ్య మారడానికి ఫీజులు, నివాస నిబంధనలు ఉన్నాయి. జాతీయ ఛాంపియన్‌షిప్, జాతీయ జట్టు ఎంపిక దాకా వచ్చినప్పుడే, ముఖ్యంగా అక్కడే పెరుగుతున్న పిల్లల విషయంలో, ఆ ప్రశ్న తలెత్తుతుంది. అప్పటిదాకా అఖిల భారత చదరంగ సమాఖ్యలో రిజిస్ట్రేషన్ గడువు దాటకుండా చూసుకుంటే సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడి రేటెడ్ టోర్నీ ఆడటానికి ఆటంకం ఉండదు.